మైకు ఎటు తిరిగి ఉంది?

అమెరికాలో చాలా ఊళ్ల కౌన్సిల్ మీటింగుల్లో జనం మాట్లాడడానికి ఇచ్చేది తలా మూడు నిమిషాలు. ముందుగా పేరు రాసి చీటీ ఇవ్వాలి, పిలిచినప్పుడు వెళ్లి మైకు ముందు నిలబడాలి. మా హాల్లో మైకు పక్కన ఒక చిన్న దీపం ఉంటుంది. మొదట పచ్చగా, చివరి నిమిషంలో పసుప్పచ్చగా, ఆ తర్వాత ఎర్రగా వెలుగుతుంది. మా డౌన్‌టౌన్, అంటే ఊరి నడిబొడ్డున షాపులూ ఆఫీసులూ ఉండే భాగం, పునరుద్ధరణ ప్రణాళిక ఓటుకు వచ్చిన రాత్రి నేనూ వెళ్లి నిలబడ్డాను. పసుప్పచ్చ దీపం వెలిగేసరికి ఒక సంగతి అర్థమైంది. వెనక స్క్రీన్ మీద చెట్లు, బెంచీలు, నాలుగంతస్తుల భవనం, దాని వెనక పార్కింగ్ గ్యారేజీ అన్నీ గీసేసి ఉన్నాయి. డెవలపర్ ఎవరో తేలిపోయింది. డబ్బు ఏ పద్దు నుంచి వస్తుందో రాసేశారు. అభిప్రాయం అడగడం చట్టప్రకారం జరపాల్సిన పని కాబట్టి మమ్మల్ని పిలిచారు, అంతే.

నా తర్వాత ఒక పెద్దావిడ వచ్చారు. ఆవిడ ప్రణాళిక గురించి మాట్లాడలేదు. స్క్రీన్ మీద భవనం ఉన్న మూలను చూపించి, తన చిన్నప్పుడు అక్కడ వాళ్ల నాన్నకి బూట్లు బాగుచేసే షాపు ఉండేదనీ, డౌన్‌టౌన్‌ని బాగుచేస్తామని చెప్పి దాన్ని పడగొట్టారనీ, అప్పటినుంచీ అది పార్కింగ్ లాటేననీ చెప్పారు. ఎర్ర దీపం వెలిగింది. థాంక్యూ చెప్పి తర్వాతి పేరు పిలిచారు.

ఆవిడ మాట నన్ను వదల్లేదు. ఆ లాట్ ముందునుంచీ ఖాళీ స్థలమే అనుకున్నాను. అది ఎలా ఖాళీ అయిందో వెనక్కి వెళ్లి చదువుకుంటూ వస్తే, ఒక్క మా ఊరిదే కాదు, ఈ దేశంలో వందల ఊళ్ల కథ ఒకేలా కనిపించింది. డౌన్‌టౌన్లు కాలం మారి వాటంతటవే పాడుబడ్డాయని అందరూ అనుకుంటారు. నిజానికి వాటిని ఖాళీ చేసినవాటిలో చాలావరకు ఓటు వేసి ఆమోదించిన నిర్ణయాలు. అవి జరిగిన గదుల్లో ఊరివాళ్లు దాదాపు ఎప్పుడూ ఆలస్యంగానే అడుగుపెట్టారు.

డౌన్‌టౌన్ అనే మాట న్యూయార్క్‌లోని మాన్‌హట్టన్ దీవిలో పుట్టింది. పాత ఊరు దీవికి దక్షిణపు కొసన, మ్యాపులో కిందివైపు ఉండేది. ఇళ్లు ఉత్తరానికి జరిగే కొద్దీ కొనుగోళ్లకీ కొలువులకీ జనం ‘కిందికి’ వెళ్లేవారు. ఆ మాట దేశమంతా పాకింది. 20వ శతాబ్దం మొదటి భాగంలో ట్రామ్ లైన్లన్నీ అక్కడే కలిసేవి. బ్యాంకు, కోర్టు, సినిమా హాలు, డిపార్ట్‌మెంట్ స్టోర్ అన్నీ నడిచి వెళ్లేంత దగ్గర్లో ఉండేవి. ఎక్కడికి వెళ్లాలన్నా ముందు అక్కడికి చేరాల్సిందే.

కార్లు వచ్చాక మొదటి చిక్కు రద్దీ. ప్రపంచంలో మొదటి పార్కింగ్ మీటర్ 1935 జూలై 16న ఓక్లహోమా సిటీలో పెట్టారు. దాని వెనక ఉన్న కార్ల్ మెగీ పత్రికా సంపాదకుడు. డౌన్‌టౌన్‌లో పనిచేసేవాళ్లు పొద్దున్నే కారు తెచ్చి షాపుల ముందు పెట్టి సాయంత్రందాకా తీయరు, కొనడానికి వచ్చినవాళ్లకి చోటు దొరకదు. గంటకు 5 సెంట్లు పెట్టేసరికి రోజంతా నిలిచే కార్లు కదిలాయి. సమస్య ఎక్కడుందో చూసి అక్కడే సరిచేసిన పని అది.

ఊళ్లు దాంతో ఆగి ఉంటే బాగుండేది. ఇంకో దారి కూడా పట్టాయి: కార్లకు చోటు చూపించే బాధ్యతను కట్టేవాడి నెత్తిన పెట్టాయి. మీటర్ల కన్నా ముందే, 1923లో, ఒహాయోలోని కొలంబస్ నగరం అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్లు ఇన్ని పార్కింగ్ స్థలాలు ఇవ్వాలని నియమం పెట్టింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇలాంటి నియమాలు దేశమంతా జోనింగ్ చట్టాల్లోకి, అంటే ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చెప్పే చట్టాల్లోకి, వచ్చేశాయి. పైకి చూస్తే న్యాయంగానే ఉంటుంది. లెక్క వేస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఒక కారు నిలపడానికీ అది తిరిగే దారికీ కలిపి సుమారు 330 చదరపు అడుగులు కావాలి. వెయ్యి చదరపు అడుగుల షాపుకి 4 స్థలాలు అనేది చాలా ఊళ్లలో కనిపించే లెక్క. అంటే 1,320 అడుగుల పార్కింగ్. షాపు కన్నా దాని కార్ల చోటే పెద్దది!

ఊరి బయట పొలాల్లో కొత్తగా కట్టేవాడికి ఇది కష్టం కాదు. డౌన్‌టౌన్‌లో ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డ పాత ఇటుక భవనాలకు ఇది ఉరితాడు. పాత బట్టల షాపుని హోటల్‌గా మార్చాలన్నా వాడకం మారింది కాబట్టి పార్కింగ్ చూపించమంటారు. చోటు కావాలంటే పక్క భవనం కొని పడగొట్టాలి, లేదా షాపు ఖాళీగా వదిలేయాలి. ఊళ్లలో రెండూ జరిగాయి. ఆ నియమం పెట్టినప్పుడు ఎవరూ డౌన్‌టౌన్‌ని పడగొట్టమని ఓటు వేయలేదు. చదరపు అడుగుల పట్టిక ఒకటి ఆమోదించారు, అంతే. జనం వచ్చి అడ్డుకునేలా అందులో ఏముంది?

ఆ తర్వాతి దెబ్బలు వాషింగ్టన్ నుంచి వచ్చాయి. 1954 పన్ను చట్టం కొత్త వ్యాపార భవనాల మీద తరుగుదలను, అంటే భవనం విలువ ఏటా తగ్గినట్టు చూపి పన్ను తగ్గించుకునే లెక్కను, త్వరత్వరగా రాసుకోనిచ్చింది. పాత భవనానికి రిపేర్లు చేసుకోవడం కన్నా కొత్తది కట్టడమే లాభమైంది. 1956 జూన్‌లో వచ్చిన హైవే చట్టంతో 41,000 మైళ్ల అంతర్‌రాష్ట్ర రహదారులకు 90 శాతం ఖర్చు ఫెడరల్ ప్రభుత్వమే పెట్టుకుంది. డాలర్‌కి పది సెంట్లే పెట్టుకోవాల్సి వస్తే ఏ రాష్ట్రం కాదంటుంది? చాలా నగరాల్లో ఆ రోడ్లు డౌన్‌టౌన్ అంచు వెంట, నల్లజాతి కుటుంబాల పేటల మీదుగా వెళ్లాయి. సెయింట్ పాల్‌లో రోండో, మయామీలో ఓవర్‌టౌన్ అలా చీలిపోయినవే.

అదే 1956 అక్టోబర్‌లో మినెసోటాలోని ఈడైనాలో సౌత్‌డేల్ తెరిచారు. పూర్తిగా కప్పు వేసి, లోపల ఏడాదంతా ఒకే వాతావరణం ఉండేలా కట్టిన మొదటి షాపింగ్ మాల్ అది. దాన్ని రూపొందించిన విక్టర్ గ్రూయెన్ వియన్నాలో పుట్టినవాడు, 1938లో నాజీల నుంచి తప్పించుకుని అమెరికా వచ్చాడు. తన ఊరి వీధుల్లాగా జనం కలుసుకునే చోటు కట్టాలన్నది అతని ఆశ. కట్టిన మాల్ చుట్టూ మిగిలింది పార్కింగ్ సముద్రం. చివరి రోజుల్లో ఆ మాల్‌లతో తనకు సంబంధం లేదని అతను గట్టిగానే చెప్పాడు. అతని మీద నాకు జాలే తప్ప కోపం లేదు.

పెద్దావిడ చెప్పిన షాపు దగ్గరకు ఇప్పుడు వస్తాను. 1949 హౌసింగ్ చట్టం ప్రకారం, పాడుబడిన ప్రాంతాన్ని నగరం కొని, చదును చేసి, డెవలపర్‌కి తక్కువ ధరకు అమ్మితే వచ్చే నష్టంలో మూడింట రెండు వంతులు ఫెడరల్ ప్రభుత్వం భరిస్తుంది. 1954 తర్వాత దీనికి అర్బన్ రెన్యూవల్ అనే పేరు స్థిరపడింది. ‘పాడుబడిన ప్రాంతం’ అన్న ముద్ర ఎవరు వేస్తారు? నగరమే. వాషింగ్టన్ నైరుతి భాగంలో ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్ యజమాని, నా షాపు బాగానే ఉంది కదా, చుట్టుపక్కల ఇళ్లు బాగాలేకపోతే నాదెందుకు తీసుకుంటారని కోర్టుకెళ్లాడు. 1954లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా అతనికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ప్రాంతం మొత్తాన్ని ఒక్కటిగా చూడొచ్చు, ఒక్కో భవనాన్నీ విడిగా నిరూపించనక్కర్లేదు అని దాని సారాంశం. బెర్మన్ వర్సెస్ పార్కర్ అనే ఆ తీర్పు తర్వాత నగరాలకు అడ్డు లేకుండా పోయింది. హద్దు గీత లోపల ఉంటే చాలు, షాపు ఎంత బాగా నడుస్తున్నా పోతుంది. పడగొట్టడం వేగంగా జరిగింది, కట్టేవాడు మాత్రం అన్ని చోట్లా రాలేదు. రానిచోట తారు పోసి పార్కింగ్ చేశారు. ఆ బూట్ల షాపుకి ఎలా నోటీసు వచ్చిందో నాకు కళ్లకు కట్టినట్టయింది.

ఊరివాళ్ల మాట వినే ఏర్పాటు అప్పట్లో లేదని కాదు. హియరింగులు, అంటే జనాభిప్రాయం వినే సభలు, జరిగేవి. వాటి తీరు తెలియాలంటే 1968 ఏప్రిల్ 10 రాత్రి న్యూయార్క్‌లోని సివర్డ్ పార్క్ హైస్కూల్‌లో ఏం జరిగిందో చూడాలి. మాన్‌హట్టన్ కిందిభాగాన్ని అడ్డంగా చీల్చుకుంటూ వెళ్లే ఎక్స్‌ప్రెస్‌వే మీద రాష్ట్ర రవాణా శాఖ అభిప్రాయ సేకరణ పెట్టింది. నగరాల గురించి పుస్తకాలు రాసిన జేన్ జేకబ్స్ మాట్లాడడానికి లేచారు. మైకు దగ్గరకు వెళ్లి ఆవిడ మొదట ఎత్తి చూపింది రోడ్డు గురించి కాదు, మైకు గురించి. మాట్లాడేవాళ్లు వేదిక మీది అధికారులకు వీపు పెట్టి జనం వైపు తిరిగేలా దాన్ని అమర్చారు. జనం జనానికే చెప్పుకుంటున్నారు, వినాల్సినవాళ్లు వెనక కూర్చున్నారు. ఆవిడ నేరుగా వేదిక ఎక్కారు, వెనకాలే ఇంకొంతమంది ఎక్కారు. ఆ తోపులాటలో మాటలను రికార్డుకెక్కించే స్టెనోగ్రాఫర్ కాగితపు టేపు చెల్లాచెదురైంది. రికార్డు లేదు కాబట్టి హియరింగే జరగలేదన్నారు జేకబ్స్. పోలీసులు ఆవిణ్ణి అరెస్టు చేశారు. మరుసటేడు మేయర్ జాన్ లిండ్సే ఆ రోడ్డు ఆలోచనను వదిలేశారు. ఈ రోజు మాన్‌హట్టన్‌లోని సోహో వీధుల్లో తిరిగేవాళ్లు ఆ రోడ్డు వెళ్లాల్సిన చోటే తిరుగుతున్నారు.

మా హాల్లో మైకు కౌన్సిల్ వైపే తిరిగి ఉంటుంది. ఆ మేరకు కాలం మారింది. 1969లో షెరీ ఆర్న్‌స్టీన్ అనే ఆవిడ, పౌరుల భాగస్వామ్యం అనే నిచ్చెనకి ఎనిమిది మెట్లుంటాయని ఒక వ్యాసం రాశారు. అందులో సమాచారం ఇవ్వడం, అభిప్రాయం అడగడం కిందినుంచి మూడో, నాలుగో మెట్లు. వినిపించుకుంటారు తప్ప, విన్నదాన్ని పాటించి తీరాలన్న పట్టు మాత్రం మనకు ఉండదు. నా మూడు నిమిషాలు సరిగ్గా ఆ నాలుగో మెట్టు మీద గడిచాయి.

డౌన్‌టౌన్‌ని తిరిగి నిలబెట్టే ప్రయత్నాల్లో మొదట బాగా పాకింది మాల్‌ని చూసి వీధినే మాల్‌గా మార్చడం. మిషిగన్‌లోని కాలమజూ 1959 ఆగస్టులో నడి వీధికి కార్లను ఆపేసింది. ప్రణాళిక మళ్లీ గ్రూయెన్‌దే. తర్వాతి పాతికేళ్లలో సుమారు 200 ఊళ్లు అదే చేశాయి. ఎక్కువ ఊళ్లలో అది నిలవలేదు. చుట్టుపక్కల నివసించే మనిషి లేనప్పుడు, చేరుకోవడానికి కారు తప్ప దారి లేనప్పుడు, కార్లు ఆపేస్తే వీధి నిశ్శబ్దమైపోతుంది. కాలమజూ 1998లో కొంత భాగానికి మళ్లీ కార్లను రానిచ్చింది. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో 1964లో మూసిన ఫుల్టన్ వీధిని 2017లో తెరిచింది. బౌల్డర్, బర్లింగ్టన్, షార్లట్స్‌విల్ లాంటి చోట్ల మాత్రం ఇప్పటికీ కళకళలాడుతుంది. ఈ మూడూ యూనివర్సిటీ ఊళ్లు, నడిచి వచ్చే జనం పక్కనే ఉన్నారు.

నా మనసుకు దగ్గరైన ప్రయత్నం 1977లో మొదలైంది. నేషనల్ ట్రస్ట్ ఫర్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ అనే సంస్థ మూడు చిన్న ఊళ్లను ఎంచుకుంది: ఇలినాయ్‌లో గేల్స్‌బర్గ్, ఇండియానాలో మాడిసన్, సౌత్ డకోటాలో హాట్ స్ప్రింగ్స్. మేరీ మీన్స్ ఆ పనిని నడిపించారు. భారీ భవనాలు లేవు, పడగొట్టడాలు లేవు. ఒక్కో ఊరికి ఒక మేనేజర్‌ని పెట్టారు. ఆ మనిషి రోజూ ఆ వీధిలోనే తిరుగుతూ ఏ షాపు ఎందుకు మూతపడుతోంది, ఏ యజమాని అద్దె తగ్గిస్తాడు, ఏ గోడకు అతికించిన అల్యూమినియం రేకు తీసేస్తే వెనక పాత ఇటుక పని బయటపడుతుంది అని చూసుకునేవాడు. 1980లో అది మెయిన్ స్ట్రీట్ కార్యక్రమంగా దేశమంతటికీ వెళ్లింది. ఈ పద్ధతిలో ఏ నిర్ణయమూ మరీ పెద్దది కాదు. పొరపాటు చేసినా దిద్దుకోవచ్చు. షాపువాడూ, పైఅంతస్తులో అద్దెకుండేవాడూ, మేనేజరూ ఒకరికొకరు ముఖపరిచయస్థులు. దీపాలు, చీటీలు అక్కర్లేదు.

అయితే చిన్న పనులకు రిబ్బన్ కత్తిరించడానికి పెద్దగా అవకాశం ఉండదు. ఫెడరల్ రెన్యూవల్ నిధులు 1974లో ఆగిపోయాక, పెద్ద ప్రాజెక్టులకు ఊళ్లు ఎక్కువగా ఆశ్రయించింది టిఫ్ (ట్యాక్స్ ఇంక్రిమెంట్ ఫైనాన్సింగ్) అనే పద్ధతిని. 1952లో కాలిఫోర్నియాలో మొదలై, ఇప్పుడు అరిజోనా తప్ప అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది. మా డౌన్‌టౌన్‌కి డబ్బు రాసిన పద్దు కూడా ఇదే. దీన్ని అర్థం చేసుకోవడానికి నాకు రెండు వారాంతాలు పట్టాయి, అందుకే కాస్త విడమరిచి చెబుతాను.

కౌన్సిల్ మ్యాపు మీద ఒక హద్దు గీస్తుంది. ఉదాహరణకి ఆ హద్దు లోపలి ఆస్తుల విలువ ఇవాళ 2 కోట్ల డాలర్లు అనుకుందాం. స్కూళ్లకీ, కౌంటీకీ, లైబ్రరీకీ వెళ్లే పన్ను ఆ 2 కోట్ల దగ్గరే ఆగిపోతుంది. పదేళ్లకు విలువ 5 కోట్లు అయితే, పెరిగిన 3 కోట్ల మీద వచ్చే పన్నంతా ఆ ప్రాంతానికి పెట్టిన ప్రత్యేక నిధిలోకి పోతుంది. ఇలినాయ్‌లో మామూలు గడువు 23 ఏళ్లు. నిధితో రోడ్లు, గ్యారేజీలు, డెవలపర్‌కి సాయం. ఈ సాయం లేకపోతే ఇక్కడ అభివృద్ధే జరగదు అన్న ఊహ మీద ఇదంతా నిలబడుతుంది. అది నిజమైన చోట మంచి పనిముట్టే. సాయం లేకపోయినా విలువ ఎలాగూ పెరిగేదైతే మాత్రం స్కూలుకి రావాల్సిన డబ్బు గ్యారేజీకి పోయినట్టే. ఏది నిజమో తేల్చాల్సింది హద్దు గీసే రోజున. నేను మాట్లాడింది ఆ హద్దు గీసి ఎంతోకాలమయ్యాక.

కాలిఫోర్నియాలో ఇది ఎంతవరకు పోయిందంటే, రాష్ట్రమంతా వసూలయ్యే ఆస్తి పన్నులో సుమారు 12 శాతం 400కు పైగా పునరాభివృద్ధి ఏజెన్సీలకు చేరేది. రాష్ట్రం డబ్బుకు కటకటలాడుతున్నప్పుడు గవర్నర్ జెర్రీ బ్రౌన్ వాటిని రద్దు చేయించారు. 2012 ఫిబ్రవరి 1న అవన్నీ మూతపడ్డాయి. అంతకుముందు ఓక్లండ్ మేయర్‌గా ఉండి డౌన్‌టౌన్‌కి 10,000 మంది నివాసులను తేవాలని పట్టుబట్టింది కూడా ఆయనే.

భూమి బలవంతంగా తీసుకోవడం కూడా ఆగలేదు. కనెటికట్‌లోని న్యూ లండన్ నగరం, ఫైజర్ పరిశోధన కేంద్రం పక్కన కొత్త కట్టడాల కోసం ఇళ్లు తీసుకోబోతే సుజెట్ కెలో అనే నర్సు తన గులాబీ రంగు ఇంటి కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2005లో 5–4 తేడాతో ఓడిపోయారు. 2009లో ఫైజర్ అక్కడినుంచి వెళ్లిపోతున్నట్టు ప్రకటించింది. ఇళ్లు పోయిన స్థలం ఏళ్ల తరబడి గడ్డి మొలిచి పడి ఉంది. ఆ తీర్పు మీద జనం ఎంత మండిపడ్డారంటే 40కి పైగా రాష్ట్రాలు తమ చట్టాలను ఏదో ఒక మేరకు మార్చుకున్నాయి.

ఈ మధ్య కాలంలో నాకు ఆశ కలిగిస్తున్నది చప్పగా కనిపించే ఆ చదరపు అడుగుల పట్టికే. 1993లో కాలిఫోర్నియాలోని పాత పాసడీనా వీధుల్లో మీటర్లు పెట్టి, వచ్చిన డబ్బు అదే వీధుల ఫుట్‌పాత్‌లకీ దీపాలకీ వాడతామన్నారు. వ్యతిరేకించిన వ్యాపారులు ఆ షరతు మీదే ఒప్పుకున్నారు, వీధి తేరుకుంది. 2017లో బఫెలో నగరం కనీస పార్కింగ్ నియమాన్ని ఊరంతటా ఎత్తేసింది. 2022లో కాలిఫోర్నియా, ప్రజా రవాణా ముఖ్య స్టాపులకు అర మైలు లోపల ఆ నియమం పెట్టకూడదని ఊళ్లకే చెప్పింది. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ తన డౌన్‌టౌన్ చుట్టూ కందకంలా ఉన్న హైవేలో తూర్పు భాగాన్ని మట్టితో పూడ్చి 2017కల్లా మామూలు వీధిగా మార్చింది.

ఇప్పుడు నేను హియరింగ్ రోజు కోసం ఎదురుచూడటం మానేశాను. ఎజెండా వచ్చిన రోజే చదువుతాను. ముఖ్యంగా ‘కన్సెంట్’ అని రాసి ఉన్న భాగం. అక్కడ పది, పదిహేను అంశాలను చర్చ లేకుండా ఒకే ఓటుతో ఆమోదిస్తారు. పోయిన నెల అందులో నెలవారీ బిల్లులకీ, ఒక పార్కు కంచె మరమ్మతుకీ మధ్య ఒక లైన్ ఉంది: డౌన్‌టౌన్ రెండో దశ అధ్యయనానికి కన్సల్టెంట్‌తో ఒప్పందం. బూట్ల షాపు పెద్దావిడకి ఫోన్ చేశాను. ఇద్దరం కలిసి మా వార్డు కౌన్సిల్ సభ్యుడికి ఒక ఉత్తరం రాశాం. ఆ అంశాన్ని విడిగా తీయమని ఆయన అడిగారు, రెండు వారాలు వాయిదా పడింది. అధ్యయనం ఏ వీధి నుంచి ఏ వీధి దాకా అని పెద్దావిడ మైకులో అడిగారు. మ్యాపు ఇంకా గీయలేదని ఊరి ప్లానర్ చెప్పారు.